పెద్దకొలత చుట్టిన సున్నా

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా కనపడేది కాదు. అబ్జర్వేటరీలో గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని డైరెక్టరు దాకా అందరికీ ఆవిడ చిన్నకొలత. అంతకుముందు నాలుగేళ్లపాటు అదే గదిలో, అదే కుర్చీలో ఆవిడ అక్క కూర్చుంది. అందుకని అక్క పెద్దకొలత అయింది. అక్క పొట్టిగా, బొద్దుగా ఉండేది. చెల్లెలు గుమ్మం దాటేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు. కొత్తగా చేరినవాళ్లు ఇదేమిటి ఈ కొలతలు తిరగబడ్డాయని కాసేపు తికమకపడి, తర్వాత అలవాటు పడిపోయేవారు.

వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఒంటికన్ను అద్దం పెట్టుకుని చిన్న చిన్న చక్రాలు పట్టకారుతో తీసి, తెల్ల గుడ్డ మీద వరసగా పేర్చేవాడు. ఊపిరి గట్టిగా వదిలితే చక్రాలు ఎగిరిపోతాయని పిల్లలిద్దరినీ బల్లకు మూరెడు దూరంలో కూర్చోబెట్టేవాడు. అలా కూర్చుని కూర్చుని ఇద్దరికీ చిన్నదాన్ని ఓపిగ్గా చూడటం అలవాటైంది. పెద్దదానికి ఉద్యోగం దొరకడానికి అదే కారణం.

కొలతల గది రెండో అంతస్తులో ఉండేది. ఎండ నేరుగా పడని వైపు ఒక పెద్ద కిటికీ, దాని ముందు బల్ల, బల్ల మీద ఇత్తడి యంత్రం. యంత్రానికి పైన మైక్రోస్కోపు, పక్కన రెండు మరలు. రాత్రిపూట దూరదర్శిని ఉన్న గోపురం కింద తీసిన ఆకాశం ఫొటోలు పొద్దున్నే ఆ గదికి వచ్చేవి. అవి కాగితం మీద కాదు, గాజు పలకల మీద ఉండేవి. ఆ గాజు మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. దూరదర్శిని గంటసేపు నక్షత్రాలనే పట్టుకుని కదులుతుంది కాబట్టి అవి చుక్కల్లాగే పడతాయి. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహశకలాలు మాత్రం ఆ గంటలో కాస్త జరుగుతాయి. కాబట్టి అవి చుక్కగా కాక, చీమ తలంత చిన్న గీటుగా పడతాయి. ఆ గీటును వెతికి, చుట్టూ ఉన్న నక్షత్రాలకు అది ఎంత దూరంలో ఉందో మర తిప్పి కొలిచి, అంకెలు రిజిస్టరులో రాయడం కొలతల గది పని.

చిన్నకొలత ఆ పని ముప్పై నాలుగేళ్లు చేసింది. కళ్లలో వత్తులు వేసుకుని చూడటం అంటారే, అది ఆవిడకు మాట వరసకు కాదు, అక్షరాలా రోజువారీ పని. అయినా ఎవరైనా బంధువులు ఆకాశం గురించి ఏదైనా అడిగితే, "నాకేం తెలుసు, నేను గాజు చూస్తాను" అని తేల్చేసేది. దూరదర్శినిలోంచి ఆవిడ చూసింది రెండే సార్లు. ఒకసారి చంద్రుణ్ణి, ఒకసారి మబ్బును.

కొలతలతోపాటు టైపు పని కూడా ఆవిడ నెత్తినే పడేది. డైరెక్టరు గారు తన జీవితంలో పదిహేడు గ్రహశకలాలు కనిపెట్టాడు. కొత్తది దొరికితే దాని కక్ష్య గట్టిగా తేలేవరకు ఏళ్లు పడుతుంది. అది తేలాక ఒక సంఖ్య ఇస్తారు. సంఖ్య వచ్చాక పేరు సూచించే హక్కు పదేళ్లపాటు కనిపెట్టినవాళ్లది. ఆ పేర్ల ఉత్తరాలన్నీ చిన్నకొలతే టైపు చేసింది. పేరు పదహారు అక్షరాలు మించకూడదు. ఉన్న పేరుకు దగ్గరగా ఉండకూడదు. వ్యాపారం వాసన రాకూడదు. పెంపుడు జంతువుల పేర్లు వద్దని మర్యాదగా చెబుతారు. రాజకీయ నాయకులకూ సైన్యాధికారులకూ అయితే వాళ్లు పోయి వందేళ్లు గడవాలి. కొత్త గోపురం మంజూరు చేసిన మంత్రిగారి పేరు పెడదామని డైరెక్టరు గారు ముచ్చటపడి ఉత్తరం చెప్పి రాయించబోతుంటే, చిన్నకొలత టైపు ఆపి ఈ నియమం గుర్తుచేసింది. మంత్రిగారు అప్పటికి నిక్షేపంగా ఉన్నారు. ఆ పేరు అక్కడితో ఆగిపోయింది. చివరికి డైరెక్టరు గారి చిన్నప్పటి లెక్కల మాస్టారికి ఒకటి, అద్దాలు సానబట్టిన పనివాడికి ఒకటి, కొండ మీదకు బస్సు నడిపిన డ్రైవరుకు ఒకటి, ఇలా పేర్లు వెళ్లాయి. ఒక్కో పేరు వెనక రెండు మూడు వాక్యాల పరిచయం ఉంటుంది. ఆ వాక్యాలు కూర్చడంలో ఆవిడ చెయ్యి బాగా తిరిగింది.

రిటైరయ్యాక ఆవిడ కళ్లద్దాల దుకాణం పైన రెండు గదుల్లో ఒక్కతే ఉండసాగింది. పెళ్లి చేసుకోలేదు. చేసుకోకపోవడానికి పెద్ద కథేమీ లేదు. చూద్దాం చూద్దాం అంటూ ఏళ్లు గడిచిపోయాయంతే.

డెబ్బై మూడో ఏట, ఒక మధ్యాహ్నం, అబ్జర్వేటరీ నుంచి ఒక అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. పాత గాజు ప్లేట్లన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించే పని ఆ అమ్మాయిది. అక్కడ అందరూ ఆమెను స్కానింగమ్మాయి అనే పిలుస్తారని తనే నవ్వుతూ చెప్పింది.

"కూర్చో అమ్మా. టీ తాగుతావా?"

"తాగుతానండీ. ముందు ఇది చూడండి," అని సంచిలోంచి ఒక కాగితం తీసింది.

సంగతేమిటంటే, పద్దెనిమిదేళ్ల కిందట ఎక్కడో దూరదేశంలో ఒక ఖగోళ శాస్త్రవేత్త ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. తొమ్మిదేళ్ల కిందట దానికి సంఖ్య వచ్చింది. పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు. స్కానింగమ్మాయి దాని కక్ష్యను వెనక్కి లెక్కకట్టి, నలభై తొమ్మిదేళ్ల కిందట ఫలానా రోజున అది ఎక్కడ ఉండాలో చూసింది. ఆ రోజు తీసిన ప్లేటు అబ్జర్వేటరీ బీరువాలో ఉంది. తీసి చూస్తే, గీటు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. దాని చుట్టూ ఎవరో ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉన్నారు.

"అప్పుడే కనిపెట్టారండీ మీరు. వాళ్లకంటే ముప్పై ఒక్క ఏళ్ల ముందు," అంది స్కానింగమ్మాయి. "పేరు పెట్టే హక్కు ఆయనదే కాబట్టి ఆయనకు మెయిల్ రాశాను. ఒకే ఒక్క వాక్యం జవాబిచ్చారు, 'తప్పకుండా ఆవిడ పేరే' అని. పేర్లు ఖాయం చేసే కమిటీ కూడా ఒప్పుకుంది. మీ ఇంటిపేరు పెట్టారండీ. మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని ఇన్నాళ్లూ చెప్పలేదు."

చిన్నకొలత కాగితం చదివింది. కొలతల గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన ఉద్యోగిని గౌరవార్థం ఈ పేరు అని మొదటి వాక్యం. ఈ గ్రహశకలం జాడను గాజు ప్లేటు మీద మొట్టమొదట గుర్తించింది ఆమే అని రెండోది. వాక్యాలు పొందికగా ఉన్నాయి. తను టైపు చేసినా ఇంతకంటే బాగా కుదరదు.

"ఏ ప్లేటమ్మా అది?"

స్కానింగమ్మాయి ఫోనులో బొమ్మ చూపించింది. సున్నా కనపడింది. పక్కనే రిజిస్టరు పేజీ బొమ్మ కూడా ఉంది. ఆ ప్లేటు నంబరుకు ఎదురుగా, నీలి సిరాతో ఒకే ఒక్క మాట: గీత.

"పాపం, డైరెక్టరు గారు గాజు మీద పడ్డ గీత అనుకుని కొట్టేసినట్టున్నారు," అంది ఆ అమ్మాయి.

చిన్నకొలత లేచి టీ పెట్టింది. చక్కెర వెయ్యడం మరచిపోయింది. ఆ అమ్మాయి మొహమాటానికి అలాగే తాగేసి, కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ సున్నా చుట్టింది అక్క. ఆ విషయం చిన్నకొలతకు బొమ్మ చూడగానే తెలిసింది. ఎర్ర సిరా బుడ్డి అక్క సొంతంగా కొనుక్కుని తెచ్చుకుంది. ఆ గీటు గురించి ఇంట్లో వారం రోజులు అదే గొడవ. గ్రహశకలం అవునో కాదో తేలాలంటే మర్నాడు తీసిన రెండో ప్లేటు కావాలి. మర్నాడు మబ్బు పట్టింది, ఆ మర్నాడూ పట్టింది. ఒక్క ప్లేటుతో ఏం చెబుతాం, ఇది గాజు మీద గీరుకున్న గీత అన్నాడు డైరెక్టరు. కాదంది అక్క. గీరుకుంటే అంచులు కోసినట్టు ఉంటాయి, ఇది వెలుతురు తగిలి నల్లబడ్డ నలుసులు, కావాలంటే మీరే అద్దంలో చూడండి అని అందరి ముందూ అనేసింది. ఆయన చూడలేదు. పది రోజులు తిరిగేసరికి అక్క ఉద్యోగం మానేసింది. తర్వాతి సోమవారం చెల్లెల్ని అదే కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ గొడవే అక్కను వెళ్లగొట్టిందని చిన్నకొలత అనుకుంది. అక్కను ఎప్పుడూ అడగలేదు. అడక్కుండానే నలభై తొమ్మిదేళ్లు నమ్మింది.

మనసులో ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

మర్నాటి నుంచి వార్త పాకింది. పేపర్లో నాలుగు వరసలు వేశారు. కింద కళ్లద్దాల దుకాణం ఆయన ఆ ముక్క కత్తిరించి అద్దం లోపల అంటించాడు. ఎదురుపడ్డవాళ్లు చేతులు పట్టుకుని అభినందించారు. ఆవిడ తలూపింది. చెప్పాల్సింది మొదటిరోజే చెప్పి ఉంటే రెండు మాటల్లో పోయేది. రెండో రోజుకు అది కష్టమైంది. అయిదో రోజుకు ఇంక చెప్పకపోతే ఏమవుతుందిలే అనిపించింది. తెలిసినవాళ్లు ఎవరున్నారు? డైరెక్టరు పోయి ఇరవై ఏళ్లయింది. అక్క పేపరు చదివే రోజులు పోయాయి, కంట్లో పొర తీయించుకున్నా అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే కదా, నాన్నదే కదా అని తనకు తను సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు పొద్దున నిలబడేది, సాయంత్రానికి జారిపోయేది.

పదో రోజున అక్క కూతురు ఫోను చేసింది. "పిన్నీ, ఆదివారం భోజనానికి రా. ఈయన నిన్ను ఇంటర్వ్యూ చేస్తారట."

"అక్క ఏమంది?"

"అమ్మా? ఏమీ అనలేదు. పేపరు మాత్రం దిండు కింద పెట్టుకుంది."

చిన్నకొలత ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆదివారం బస్సెక్కి వెళ్లింది. అక్క ఉండేది కూతురింట్లో, మేడ కింది గదిలో. కొలతల గది వదిలేశాక అక్క బట్టలు కుట్టే కార్ఖానాలో చేరి, కటింగ్ మాస్టరుగా ముప్పై ఏళ్లు చేసింది. ఒకేసారి అరవై పొరల గుడ్డ పేర్చి, అంగుళం తేడా లేకుండా కోసేదని అక్కడ పేరు. ఇప్పటికీ గదిలో మూలన చెక్క స్కేలు, సుద్దముక్కల డబ్బా ఉన్నాయి.

అల్లుడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రండి పిన్నిగారూ. అక్కడ మనకేమైనా స్థలం వస్తుందా? ఒక రెండు గదులు వేసుకుంటాం."

"గాలి లేదు బాబూ అక్కడ."

"ఇక్కడ మాత్రం ఎక్కడుంది, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ," అన్నాడు. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. భోజనాలయ్యాక కూతురూ అల్లుడూ పైకి వెళ్లారు. అక్కాచెల్లెళ్లు ఇద్దరే మిగిలారు. అక్క మంచం మీద, చెల్లెలు ఎదురుగా స్టూలు మీద.

"అక్కా, ఆ ప్లేటు..."

"నాది," అంది అక్క.

దిండు కింద చెయ్యి పెట్టి పేపరు బయటికి తీసింది.

"భూతద్దం పెట్టుకుని చదివాను. 'మొట్టమొదట గుర్తించింది' అని రాశారు. ఏ రోజు ప్లేటో కూడా వేశారు. ఆ రోజు నాకు బాగా గుర్తు. నువ్వు అప్పటికి ఉద్యోగంలోనే లేవు."

"ఆ అమ్మాయి పొరపాటు పడింది. నాకు ముందు చెప్పలేదు."

"ఆ అమ్మాయి సంగతి నాకెందుకు? నీకు తెలుసుగా."

"తెలుసు."

"ఎన్నాళ్లయింది?"

"పన్నెండు రోజులు."

"పన్నెండు," అంది అక్క. "నాకు మొదటి మూడు రోజులు ఒళ్లు మండిపోయింది. తర్వాత, సరే, వస్తుందా రాదా చూద్దామని కూర్చున్నాను. వచ్చావు. అయినా పిలిస్తే వచ్చావు."

చిన్నకొలత స్టూలు మీద కాస్త ముందుకు జరిగింది. "ఇంకో మాట ఉందక్కా. రిజిస్టరులో ఆ ప్లేటుకు ఎదురుగా 'గీత' అని ఉంది చూడు, అది డైరెక్టరు గారు రాసింది కాదు. నేను రాశాను."

అక్క ఆ మాట ఊహించలేదు. చేతిలో ఉన్న చెంబు కింద పెట్టింది.

"నువ్వా?"

"నేను చేరిన మూడో రోజు. పెండింగులో ఉన్నవన్నీ తేల్చెయ్యమన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను."

"ఆయన చెప్పాడు, నువ్వు రాశావు. సరే. అద్దం కింద పెట్టి చూశావా?"

"చూశాను."

"ఏం కనపడింది?"

పైన అల్లుడు ఏదో అంటే కూతురు నవ్వడం వినపడింది.

"నలుసులు," అంది చిన్నకొలత.

అక్క గోడవైపు చూసింది. "మూడో రోజు కాక మూడో ఏడు అయ్యుంటే చెప్పేదానివా ఆయనకు?"

ఈ ప్రశ్న చిన్నకొలత తనను తాను చాలాసార్లు అడుక్కుంది. "లేదనుకుంటా," అంది.

"నేనూ లేదనే అనుకుంటున్నా." అక్క లేచి, గోడ పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లి, చెంబు కడిగి, వచ్చి మళ్లీ కూర్చుంది. "ఇదంతా ఎందుకు మోస్తున్నావు ఇన్నాళ్లు?"

"దాని వల్లేగా నువ్వు మానేసింది."

"దేని వల్ల?"

"ఆ గొడవ వల్ల. ఆ సున్నా వల్ల."

"నా బొంద," అంది అక్క. "ఆ కుర్చీలో పొద్దస్తమానం వంగి కూర్చుంటే నడుం పట్టేసేది. రోజూ సాయంత్రం మెట్లు దిగడానికి అరగంట పట్టేది నాకు. కార్ఖానాలో నిలబడి చేసే పని ఉందంటే వెళ్లాను. ఆ ఏడాది నేను పదకొండు సున్నాలు చుట్టాను తెలుసా? పది నిజంగా గీతలే. ఆయన చెప్పిందే కరెక్టు. ఒక్కదాని కోసం ఉద్యోగం వదులుకుంటానా?"

ఇది నిజమో, చెల్లెలి బరువు దించడానికి అన్న మాటో చిన్నకొలతకు అప్పుడు తేలలేదు, తర్వాతా తేలలేదు. అక్కకు నడుం నొప్పి ఉన్న మాట నిజమే. అక్క మానేసిన రోజు ఎర్ర సిరా బుడ్డి బల్ల మీదే వదిలేసి వచ్చిన మాటా నిజమే.

"అయితే ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" అని అడిగింది.

"సరిచేయించు."

"నీ పేరు..."

"నేను వద్దంటాననుకున్నావా? నాకెందుకులే ఈ వయసులో అంటాననుకున్నావా? నాకు కావాలి. డెబ్బై ఆరేళ్లొచ్చాయి. ఒక్కటి నేను చెప్పిందే నిజమని తేలింది. అది కూడా నీకు రాసిస్తానా?"

"లేదు."

"వెళ్లి సరిచేయించు. నాన్న పేరు ఎలాగూ ఉంటుంది. ఆయన గడియారాలు తప్ప తలెత్తి ఆకాశం చూసిన పాపాన పోలేదు, ఆయన పేరు వెళ్లి అక్కడ కూర్చుంది," అని అప్పుడు నవ్వింది.

మర్నాడు పొద్దున చిన్నకొలత అబ్జర్వేటరీకి వెళ్లింది. స్కానింగమ్మాయి పాత కొలతల గదిలోనే కూర్చుంటోంది. ఇత్తడి యంత్రాన్ని కింది హాల్లో గాజు పెట్టెలో పెట్టారు. దాని స్థానంలో బల్లంత స్కానరు. చిన్నకొలత కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే చెప్పింది. వింటున్నకొద్దీ ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"మీరు వినయంతో అంటున్నారేమో అండీ," అంది చివరికి, చిన్న ఆశతో.

"వినయం కాదమ్మా. హాజరు పట్టీ ఉందా?"

ఉంది. అటక మీద అట్టపెట్టెలో ఉంది. దింపి, దుమ్ము దులిపి తీశారు. ప్లేటు తీసింది ఆ నెల తొమ్మిదో తేదీ. సున్నా పక్కన పదో తేదీ వేసి ఉంది. ఆ తేదీల్లో చిన్నకొలత పేరే లేదు. ఆవిడ మొదటి సంతకం ఇరవై ఒకటో తేదీన ఉంది. అప్పటిదాకా అక్క సంతకాలు, ఎర్ర సిరాతో.

స్కానింగమ్మాయి తల పట్టుకుంది. "ఇది చూడాలన్న ఆలోచన కూడా రాలేదండీ నాకు. ఎక్కువ ఏళ్లు చేసింది మీరు కదా అని మీరే అనుకున్నా."

"ఎవరైనా అలాగే అనుకుంటారు."

"పేరు ఒకసారి ప్రకటించాక మార్చరు. కానీ ఇంటిపేరు ఒకటే కాబట్టి పేరుతో ఇబ్బంది లేదు. పరిచయ వాక్యాలకు సవరణ పంపొచ్చు." కాస్త ఆగి అంది, "తప్పు నాదని రాయాలి. రాస్తాను."

"రిజిస్టరులో గీత అని రాసింది నేనని కూడా రాయి."

"అది ఎందుకండీ? అందరూ డైరెక్టరు గారు రాశారనే అనుకుంటున్నారు. ఆయనేమీ అనుకోరు ఇప్పుడు."

"ఆయన చూడకుండా చెప్పారు. నేను చూసి రాశాను. రెండూ ఒకటి కాదు."

పరిచయానికి ఇచ్చే చోటు రెండు మూడు వాక్యాలే. అందులో ఇది పట్టదని ఆ అమ్మాయి చెప్పింది. పట్టదని చిన్నకొలతకూ తెలుసు, అలాంటి వాక్యాలు ఎన్నో టైపు చేసిన మనిషి. పాత రిజిస్టరులో కొత్తగా ఎవరూ ఏమీ రాయకూడదన్నది నియమం. చివరికి కంప్యూటరు జాబితాలో ఆ ప్లేటు వివరాలకు ఎదురుగా గమనికలు రాసే గడి ఉంటే, దాంట్లో ఎక్కించడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. చిన్నకొలత చెబుతుంటే ఆ అమ్మాయి కొట్టింది. "ఈ ప్లేటు మీద గుర్తు పెట్టింది మా అక్క. దాన్ని గీతగా రిజిస్టరులో నమోదు చేసింది నేను. అది గీత కాదని అప్పుడు నాకు మైక్రోస్కోపులో కనపడింది." కింద ఆవిడ పూర్తి పేరు, తేదీ. ఆ అమ్మాయి ఒకసారి పైకి చదివి వినిపించింది. ఒక్క అక్షరం మార్చక్కర్లేదంది చిన్నకొలత.

కళ్లద్దాల దుకాణం ఆయనకు కూడా ఆవిడే చెప్పింది. ఆయన పేపరు ముక్క తీసేయడానికి మనసొప్పక, "పోనీలెండి, మీ ఇంటి పేరేగా," అన్నాడు. "తీసెయ్యండి," అంది. తీసేశాడు. వీధిలో కొందరు అయ్యో అన్నారు. కొందరు ఆవిడ గొప్పతనం చూశారా అని కొత్తగా మొదలుపెట్టారు. ఈ రెండోదే ఆవిడకు ఎక్కువ ఇబ్బందిగా ఉండేది.

సవరణ అచ్చవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒక తండ్రి కూతుళ్లు ఇద్దరూ ఒకే కొలతల గదిలో పనిచేశారని, పెద్దావిడ ఈ గ్రహశకలం జాడను మొదట గుర్తించిందని, చిన్నావిడ ముప్పై నాలుగేళ్లపాటు వేల స్థానాలు కొలిచిందని అందులో ఉంది. స్కానింగమ్మాయి కాగితం పట్టుకుని స్వయంగా అక్క ఇంటికి వెళ్లింది. చిన్నకొలత కూడా ఉంది. అక్క భూతద్దం తెప్పించుకుని రెండుసార్లు చదివింది.

"ఇదేమిటి, సహాయకురాలు అని రాశారు నన్ను?"

"ఆ ఉద్యోగాన్ని అప్పట్లో అలాగే అనేవారండీ," అంది ఆ అమ్మాయి భయంగా.

"ఎవరికి సహాయం? ఆ గదిలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని."

"మళ్లీ సవరణ పంపమంటారా?"

అక్క కాస్త ఆలోచించింది. "ఇంకో ఎనిమిది నెలలా? వద్దులే," అంది.

అల్లుడు ఆ గ్రహశకలం ఎంత పెద్దదని అడిగాడు. మూడు నాలుగు కిలోమీటర్లు ఉండొచ్చని, సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి నాలుగున్నరేళ్లు పడుతుందని, పెద్ద దూరదర్శిని ఉంటే తప్ప కనపడదని ఆ అమ్మాయి చెప్పింది. కక్ష్య ఇంత కచ్చితంగా తేలడానికి పాత ప్లేటు మీది ఆ ఒక్క స్థానం బాగా పనికొచ్చిందని కూడా చెప్పింది. ఆ మాట మాత్రం అక్క రెండోసారి చెప్పించుకుని వింది.

ఆ మరుసటి ఏడు చలికాలంలో అక్క పోయింది. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు పొద్దున నిద్రలోనే. సామాను సర్దుతుంటే సవరణ కాగితం ఇంటి పన్ను రసీదుల ఫైల్లో దొరికింది. సహాయకురాలు అన్న మాట మీద సుద్దముక్కతో కొట్టేసి ఉంది. కూతురు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే ఉంచేసింది.

చిన్నకొలత సోమవారాలు, గురువారాలు అబ్జర్వేటరీకి వెళ్లడం మొదలుపెట్టింది. పాత రిజిస్టర్లలో చేతిరాతలు, పొడి అక్షరాలు స్కానింగమ్మాయికి అర్థమయ్యేవి కావు. ఏది ఎవరి చెయ్యో, ఏ గుర్తుకు ఏమిటి అర్థమో ఆవిడ పక్కన కూర్చుని చెప్పేది. తనకు తెలియనిచోట తెలియదని రాయించేది. మోకాళ్లు మొరాయించేదాకా, అంటే ఇంచుమించు మూడేళ్లు, ఆ పని సాగింది. అప్పటికి ఆరు వేల ప్లేట్లు పూర్తయ్యాయి, ఇంకా నాలుగు వందలు మిగిలాయి. వాటిని చదివే పనికి తర్వాత వేరే మనిషిని పెట్టారు.